చీకటి హాల్లో ఈవెంట్ ఫొటోలు: ముందు షట్టర్ తేల్చుకోండి, ఐఎస్‌ఓ దాని దారిన అది వస్తుంది

మీరు చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఏపీఎస్-సీ అనే కాస్త చిన్న సెన్సర్ ఉన్న కెమెరా, దాంతో వచ్చిన 18-55 కిట్ లెన్స్, విడిగా కొన్న 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ మీ దగ్గరున్నాయి. హాళ్లలో జరిగే కార్యక్రమాలు తీస్తున్నారు: ప్రసంగాలు, డ్యాన్సులు, అతిథుల పలకరింపులు, చివర్లో గ్రూప్ ఫొటోలు. అపర్చర్ ప్రయారిటీలో (అపర్చర్ మీరు పెడితే షట్టర్‌ను కెమెరా చూసుకునే మోడ్) పెట్టి, గ్రెయిన్స్ వస్తాయన్న భయంతో ఐఎస్‌ఓను 1600 దాటనివ్వడం లేదు. సగం ఫొటోలు షేక్ అయ్యాయి. స్టేజి మీద ముఖాలు ఓవర్ అయ్యాయి, అంటే మరీ తెల్లబోయాయి. కొన్నిట్లో అడ్డంగా నల్లటి చారలు వచ్చాయి. ఏ సెట్టింగ్స్ పెట్టాలి, కొత్త కెమెరా బాడీ కొనాలా లెన్స్ కొనాలా అని అడిగారు.

అన్ని హాళ్లకూ పనికొచ్చే అంకెలు ఉండవు. కానీ ఆ అంకెల్ని ఏ వరుసలో తేల్చుకోవాలన్నది మాత్రం మారదు. మొదట షట్టర్ స్పీడ్ (వెలుతురు ఎంతసేపు పడాలన్నది), తర్వాత అపర్చర్ (లెన్స్ ఎంత తెరుచుకోవాలన్నది; ఎఫ్ అంకె తగ్గేకొద్దీ ఎక్కువ తెరుచుకుంటుంది), ఆ రెండూ అయ్యాక ఎంత తేలితే అంత ఐఎస్‌ఓ. మీరు దీన్ని తిరగేశారు. ఐఎస్‌ఓను ముందే 1600 దగ్గర కట్టేశారు, అపర్చర్ లెన్స్ ఇచ్చినంతే ఇస్తుంది, ఇక వెలుతురులో ఉన్న లోటంతా షట్టర్ మీద పడుతోంది. కెమెరా పాపం ఏం చేస్తుంది, మీరు వదిలిన ఆ ఒక్క దాన్నే కిందికి లాగుతుంది.

లెక్క వేసి చూద్దాం. మనుషుల మీద దాదాపు 80 లక్స్ వెలుతురు పడుతోందనుకోండి. మసక లైట్ల హాల్లో ఇది వింతేమీ కాదు. కిట్ లెన్స్‌ను 55 దగ్గర పెడితే దాని అపర్చర్ ఎఫ్/5.6కి మించి తెరుచుకోదు. ఐఎస్‌ఓ 1600లో ఆ వెలుతురుకి షట్టర్ 1/15 సెకను వస్తుంది. మాట్లాడుతున్న మనిషి తల ఊపినా చాలు, ఫొటో పోయినట్టే. అదే చోట 50 ఎంఎం లెన్స్ పెట్టి ఎఫ్/1.8కి తెరిస్తే అదే ఐఎస్‌ఓలో 1/160 వస్తుంది. ఐఎస్‌ఓను 3200కి పెంచితే 1/320, 6400కి పెంచితే 1/640. కెమెరా అదే, హాలు అదే. మారింది మీరు దేన్ని కట్టేశారు, దేన్ని వదిలారు అన్నదే.

షట్టర్ ఎంతుండాలో మీ చెయ్యి చెప్పదు, ఎదుటి మనిషి కదలిక చెబుతుంది. ఫోకల్ లెంగ్త్‌ను బట్టి షట్టర్ పెట్టుకోవాలని చదివే ఉంటారు. 50 ఎంఎం లెన్స్ ఏపీఎస్-సీ మీద 75 లాగా చూపిస్తుంది కాబట్టి 1/80 చాలన్న లెక్క అది. ఆ సూత్రం మీ చెయ్యి వణకడం గురించే. లెన్స్‌లోనో బాడీలోనో ఉండే స్టెబిలైజేషన్ కూడా అంతే, మీ వణుకును ఆపుతుంది గానీ డ్యాన్సర్ చేతిని ఆపలేదు. ఈవెంట్లలో షేక్ అనుకుని బాధపడే ఫొటోల్లో చాలావరకు నిజానికి షేక్ కావు, సబ్జెక్ట్ కదలికలే. జూమ్ చేసి చూడండి. వెనకున్న కుర్చీ పదునుగా ఉండి ముఖం ఒక్కటే చెదిరి ఉంటే తప్పు మీ చేతిది కాదు.

నేను మొదలుపెట్టే అంకెలు ఇవి. కూర్చుని వింటున్నవాళ్లకి 1/100 చాలు. మైకు ముందు చేతులు ఊపుతూ మాట్లాడేవాళ్లకి 1/200. నడిచొచ్చేవాళ్లకి 1/250. డ్యాన్సుకి 1/400 నుంచి 1/500, గెంతులూ గిరికీలూ ఉంటే 1/800 దాకా. అంత వెలుతురు లేకపోతే కదలిక ఆగే క్షణాన్ని పట్టుకోవాలి. గెంతిన మనిషి పైకి వెళ్లి కిందికి దిగబోయే ముందు, తిరిగే చెయ్యి దిక్కు మార్చుకునే ముందు, ఒక లిప్తపాటు అన్నీ నిలుస్తాయి. అక్కడ నొక్కగలిగితే 1/200 కూడా సరిపోతుంది. రెండుమూడు సార్లు అదే డ్యాన్స్ రిహార్సల్ చూసినవాళ్లకి ఇది తేలిక. వీలుంటే రిహార్సల్‌కి వెళ్లండి, లెన్స్ మార్చుకోవడం కన్నా అది ఎక్కువ పనిచేస్తుంది.

ఇక ఐఎస్‌ఓ భయం. ఐఎస్‌ఓ పెంచితే నాయిస్, అంటే ఆ గ్రెయిన్స్, పుడుతుందని అందరం అనుకుంటాం. జరిగేది అది కాదు. వెలుతురు సెన్సర్ మీదికి ధారగా రాదు, కణాలుగా వస్తుంది. అప్పుడే మొదలైన వానలో పక్కపక్కనే పెట్టిన గిన్నెలు ఊహించుకోండి: నాలుగు చినుకులు పడేసరికి ఒకదాంట్లో రెండు, ఇంకోదాంట్లో ఏమీ ఉండవు; గంటసేపు కురిశాక చూస్తే అన్నిట్లో నీళ్లు దాదాపు సమానం. మనం గ్రెయిన్స్ అనేది ఎక్కువభాగం ఆ హెచ్చుతగ్గులే. సెన్సర్ మీద పడే వెలుతురు నాలుగో వంతుకి తగ్గితే, నాయిస్‌తో పోల్చినప్పుడు బొమ్మ బలం సగానికి తగ్గుతుంది. అంటే నాయిస్‌ను తేల్చేది హాల్లో ఉన్న వెలుతురు, మీ అపర్చర్, మీ షట్టర్. ఐఎస్‌ఓ అనేది వచ్చినదాన్ని ఎంత పెంచి చూపించాలో చెప్పే మీట, అంతే.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూసుకోవచ్చు. మాన్యువల్ మోడ్‌లో షట్టర్, అపర్చర్ కదపకుండా ఒకే దృశ్యాన్ని రా ఫార్మాట్‌లో (కెమెరా దిద్దకుండా దాచే ఫైల్) రెండు సార్లు తీయండి, ఒకటి ఐఎస్‌ఓ 800లో, ఇంకోటి 3200లో. మొదటిది చీకటిగా వస్తుంది. దాన్ని కంప్యూటర్‌లో రెండు స్టాపులు (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు) పెంచి రెండో దాని పక్కన పెట్టండి. తక్కువ ఐఎస్‌ఓలో తీసినది మెరుగ్గా కనిపించదు. కొన్ని సెన్సర్లలో రెండూ సమానంగా ఉంటాయి, కొన్నిట్లో చీకటి భాగాల్లో అదే ఎక్కువ గరుకుగా ఉంటుంది. కొన్ని సెన్సర్లు ఒక ఐఎస్‌ఓ దగ్గర లోపలి సర్క్యూట్ మార్చుకుంటాయి కూడా. సోనీ ఏ7 త్రీలో అది 640 దగ్గర. అందుకే దాంట్లో 500 కన్నా 640లో నీడలు శుభ్రంగా ఉంటాయి. తక్కువ ఐఎస్‌ఓకి నిజంగా ఒక లాభం ఉంది, అదేంటంటే హైలైట్లకు, అంటే బాగా వెలిగే భాగాలకు, చోటు. ఐఎస్‌ఓ రెట్టింపు అయిన ప్రతిసారీ పైన ఒక స్టాప్ పోతుంది. కాబట్టి స్పాట్‌లైట్ల స్టేజి మీద అవసరానికి మించి పెంచకండి. కానీ షట్టర్‌ను చంపి ఐఎస్‌ఓను కాపాడటంలో అర్థం లేదు.

మీ కెమెరాకి ఆటో ఐఎస్‌ఓ గరిష్ఠ పరిమితి 6400 పెట్టేయండి. డ్యాన్సుకి తప్పదనుకుంటే 12800 దాకా వెళ్లండి. ఫొటోను వంద శాతం జూమ్ చేసి గ్రెయిన్స్ లెక్కపెట్టేది మనం ఒక్కళ్లమే, చూసేవాళ్లు ఫోన్‌లోనో ఆల్బమ్‌లోనో చూస్తారు. పైగా రా ఫైల్ ఉంటే నాయిస్ తీసేసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు బాగా ముదిరాయి. లైట్‌రూమ్‌లో 2023లో వచ్చిన డీనాయిస్, డీఎక్స్ఓ వాళ్ల డీప్‌ప్రైమ్ లాంటివి 6400ని చాలా నునుపు చేసి ఇస్తాయి. కదిలిపోయిన కన్నును నమ్మకంగా తిరిగి తెచ్చిపెట్టేది మాత్రం ఇంకా నాకు కనపడలేదు.

మోడ్ సంగతికొస్తే, అపర్చర్ ప్రయారిటీ వదిలేసి మాన్యువల్‌కి రండి, ఐఎస్‌ఓ మాత్రం ఆటోలో ఉంచండి. షట్టర్, అపర్చర్ మీవి, ఐఎస్‌ఓ కెమెరాది. ఇందులో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగును ప్లస్, మైనస్‌లతో సరిచేసే మీట) పనిచేస్తుందో లేదో కెమెరాతో వచ్చిన పుస్తకంలో చూసుకోండి, కొన్ని పాత బాడీల్లో పనిచేయదు. అలాంటప్పుడు అపర్చర్ ప్రయారిటీలోనే ఉండి, ఆటో ఐఎస్‌ఓ మెనూలో కనీస షట్టర్ స్పీడ్ 1/200 అని పెట్టుకుంటే దాదాపు అదే పని జరుగుతుంది. హాల్లో లైట్లు మారకుండా స్థిరంగా ఉంటే ఐఎస్‌ఓను కూడా చేత్తోనే పెట్టేయండి. తెల్ల బట్టల మనిషి ఫ్రేమ్‌లోకి వస్తే ఆటో చీకటి చేస్తుంది, నల్ల కోటు వస్తే వెలిగిస్తుంది. వాళ్ల ముఖాల మీద పడే లైటు మాత్రం మారలేదు కదా. ముఖానికి ఒకసారి సరిచూసుకుని మూడూ బిగిస్తే వంద ఫొటోలు ఒకే తీరుగా వస్తాయి, ఎడిటింగ్ కూడా ఒక్క దెబ్బలో అయిపోతుంది.

స్టేజి మీద ముఖాలు ఓవర్ అవ్వడానికి కారణం మీటరింగ్, అంటే కెమెరా వెలుతురును కొలిచే తీరు. ఫ్రేమ్‌లో ముప్పాతిక భాగం నల్లటి తెర ఉంటే కెమెరా దాన్నంతా బూడిద రంగుకి తేవాలని చూస్తుంది, ఆ ఊపులో ముఖం తెల్లబోతుంది. దీనికి మందు కాంపెన్సేషన్ మైనస్ 1 నుంచి మైనస్ 1.7 దాకా, లేదా ముఖం మీద స్పాట్ మీటరింగ్ (ఒక్క చిన్న చోటనే కొలవడం). స్పాట్‌తో చిక్కేంటంటే, పాయింట్ ముఖం మీంచి నల్లటి జుట్టు మీదికి జారితే చాలు, ఎక్స్‌పోజర్ ఎగిరిపోతుంది. నికాన్ 2014లో డీ810తో, బాగా వెలిగే భాగాలు తెల్లబోకుండా కొలిచే హైలైట్ వెయిటెడ్ మీటరింగ్ తెచ్చింది, తర్వాత సోనీ లాంటి ఇతర కంపెనీల కెమెరాల్లోనూ అలాంటివి వచ్చాయి. మీ బాడీలో ఉంటే స్టేజికి అదే వాడండి. వెనక తెర నల్లగా ఉండిపోతే ఉండనివ్వండి, చీకట్లో జరిగిన కార్యక్రమం చీకట్లో జరిగినట్టే కనిపించాలి.

ఎక్కువమంది పట్టించుకోని విషయం ఇంకొకటుంది. చీకటి హాల్లో కెమెరా స్క్రీన్ ఉన్నదానికన్నా చాలా వెలుగ్గా కనిపిస్తుంది. కళ్లు చీకటికి అలవాటు పడి ఉంటాయి మరి. స్క్రీన్ చూసి బాగుందనుకున్న ఫొటో ఇంటికొచ్చాక ఒక స్టాప్ చీకటిగా తేలుతుంది. స్క్రీన్ వెలుగును ఆటోలోంచి తీసి కొంచెం తగ్గించి పెట్టుకోండి, తీర్పు హిస్టోగ్రామ్‌కి (ఫొటోలో చీకటి నుంచి వెలుగు దాకా ఏది ఎంతుందో చూపే గ్రాఫ్) వదలండి. అది కూడా ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే హిస్టోగ్రామ్. రంగురంగుల ఎల్ఈడీ లైట్ల కింద మామూలు హిస్టోగ్రామ్ నిబ్బరంగా మధ్యలోనే ఉంటుంది, ఈలోగా నీలం ఛానల్ ఒక్కటే నిండిపోయి ముఖం మీద వివరాలు తుడిచిపెట్టుకుపోయి ఉంటాయి. ముద్దలా నీలం, లేదా ముద్దలా ఎరుపు పడినప్పుడు ఇంకో స్టాప్ తగ్గించండి. లేదా తెల్ల లైటు వచ్చేదాకా ఆగండి, లైటింగ్ వాళ్లు ఎప్పుడో ఒకప్పుడు వేస్తారు. ఆగలేని క్షణమైతే తీసేసి బ్లాక్ అండ్ వైట్ చేయండి, చాలాసార్లు అదే అందంగా ఉంటుంది.

చారల సంగతి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట చాలా లైట్లు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతాయి, 60 హెర్ట్జ్ ఉన్నచోట 120 సార్లు. కంటికి తెలియదు, షట్టర్‌కి తెలుస్తుంది. షట్టర్ 1/100 లేదా 1/50 ఉంటే (60 హెర్ట్జ్ అయితే 1/120 లేదా 1/60, మీ కెమెరాలో 1/120 లేకపోతే 1/125) ఒకటో రెండో పూర్తి మినుకులు లోపలికి వస్తాయి, చారలుండవు. ప్రసంగాలకి, పలకరింపులకి ఈ స్పీడుతో నెట్టుకురావచ్చు. డ్యాన్సుకి కుదరదు. అక్కడ యాంటీ ఫ్లికర్ అనే ఆప్షన్ పనికొస్తుంది. లైటు బాగా వెలిగిన క్షణం చూసి షట్టర్ తెరుస్తుందది. కెనాన్ 2014లో 7డీ మార్క్ టూలో పెట్టింది, తర్వాత చాలా బాడీల్లోకి వచ్చింది. అయితే అది పసిగట్టేది ఆ 100, 120 మినుకుల్నే. వెలుగు తగ్గించడానికి చాలా వేగంగా ఆరిపోయి వెలిగే స్టేజి ఎల్ఈడీల దగ్గర అది చేతులెత్తేస్తుంది. అక్కడ షట్టర్‌ను అటూ ఇటూ కొద్దికొద్దిగా జరుపుతూ చారలు మాయమయ్యే చోటు వెతకాలి.

అన్నిటికన్నా ముందు సైలెంట్ మోడ్ ఆన్‌లో ఉందేమో చూడండి. మీరు చెప్పిన చారలకి నా అనుమానం దాని మీదే ఎక్కువ. ఎలక్ట్రానిక్ షట్టర్ చాలా కెమెరాల్లో సెన్సర్‌ను పైనుంచి కిందికి నెమ్మదిగా చదువుతుంది, ఆ లోపల లైటు ఒకటికి రెండుసార్లు మినుకుతుంది. మెకానికల్ షట్టర్‌కి మారితే సగం చారలు అక్కడికక్కడే పోతాయి. నికాన్ జెడ్9 లాంటి వాటిలో మెకానికల్ షట్టరే లేదు, కానీ దాని సెన్సర్ చదివే వేగం వేరు. మన లాంటి మామూలు కెమెరాలకి ఆ పోలిక పెట్టుకోకూడదు.

అపర్చర్ తెరిచేయమన్నాను కదా అని ఎప్పుడూ ఎఫ్/1.8లోనే ఉండకండి. మీ 50 ఎంఎంతో రెండు మీటర్ల దూరంలో ఎఫ్/1.8 దగ్గర పదునుగా ఉండే లోతు పదకొండు, పన్నెండు సెంటీమీటర్లే. ఒక ముఖానికి సరిపోతుంది, పక్కనున్న మనిషి ఒకడుగు వెనక ఉంటే చెదిరిపోతాడు. నాలుగు మీటర్ల దూరానికి వెనక్కి జరిగితే అది దాదాపు 45 సెంటీమీటర్లు అవుతుంది. స్టేజి మీద మనుషులు ఎలాగూ దూరంగానే ఉంటారు కాబట్టి అక్కడ ధైర్యంగా తెరవండి. ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు ఎఫ్/2.8. గ్రూప్ ఫొటోకి మీరు చిన్నచూపు చూస్తున్న కిట్ లెన్సే మేలు: 18 దగ్గర ఎఫ్/4, మూడు మీటర్ల దూరం, రెండు వరసలూ పదునుగా వస్తాయి. కదలకుండా నిలబడతారు కాబట్టి 1/80 చాలు. ఒకటికి నాలుగు తీయండి, ఎవరో ఒకరు కళ్లు మూస్తారు.

ఫోకస్ విషయంలో ఒక్క మాట. చీకట్లో కెమెరా వెతుక్కునేది వెలుగు కన్నా కూడా వెలుగునీడల మధ్య తేడాను. నున్నటి బుగ్గ మీద పాయింట్ పెడితే తడుముకుంటుంది, కళ్లద్దాల అంచు మీదో కాలరు అంచు మీదో పెడితే టక్కున పట్టుకుంటుంది. డీఎస్ఎల్ఆర్ అయితే మధ్య పాయింట్ వాడండి, చాలా బాడీల్లో అన్నిటికన్నా చురుకైనది అదే. మిర్రర్‌లెస్ అయితే కంటిని పట్టుకునే మోడ్ పెట్టి ఫోకస్‌ను కంటిన్యుయస్‌లో (మనిషి కదిలినా ఫోకస్ వెంబడించే పద్ధతి) ఉంచండి. ఫోకస్‌కి సాయంగా వెలిగే ఎర్ర దీపాన్ని మాత్రం ఆపేయండి. ప్రసంగిస్తున్న మనిషి కళ్లలోకి అది కొడుతుంటే మిమ్మల్ని మళ్లీ పిలవరు.

ఫ్లాష్ గురించి మీరు అడగలేదు గానీ, పలకరింపులకి, గ్రూపులకి నేను వాడతాను. ఫ్లాష్ తలను పైకి తిప్పి తెల్లటి సీలింగ్‌కి కొట్టించాలి, నేరుగా ముఖానికి కాదు. చాలామంది ఐఎస్‌ఓ 100లో పెట్టి ఫ్లాష్ కొడతారు, వెనక హాలంతా బొగ్గులా వస్తుంది. ఐఎస్‌ఓ 1600, ఎఫ్/4, 1/60 పెట్టి చూడండి. హాలు వెలుగు కూడా ఫొటోలోకి వస్తుంది, ఫ్లాష్ తక్కువ పవర్‌తో వెలిగి బ్యాటరీ మిగులుతుంది. తక్కువ పవర్‌లో ఫ్లాష్ వెలిగేది సెకనులో కొన్ని వేల వంతు కాబట్టి ఫ్లాష్ వెలుగే ఎక్కువగా పడే ముఖం 1/60లో కూడా ఆగుతుంది. షట్టర్‌ను 1/200, 1/250 దగ్గర ఉండే సింక్ స్పీడ్ (ఫ్లాష్ వెలుగు ఫ్రేమంతా పడే గరిష్ఠ షట్టర్ వేగం) దాటించకండి. హాల్లో పసుపు బల్బులుంటే ఫ్లాష్ మీద నారింజ జెల్ (పారదర్శకమైన రంగు కాగితం) పెట్టండి, లేకపోతే ముఖం తెల్లగా, వెనకంతా పసుపుగా ఉండిపోతుంది. సీలింగ్ నల్లగానో మరీ ఎత్తుగానో ఉంటే బౌన్స్ ఆశ వదులుకోండి. స్టేజి కార్యక్రమం నడుస్తుండగా ఫ్లాష్ అసలు వద్దు.

వైట్ బ్యాలెన్స్ (లైట్ల రంగును సరిదిద్దేది) రా ఫైల్‌లో తర్వాత మార్చుకోవచ్చు, అయినా ఆటోలో వదలకండి. పసుపు బల్బులైతే 3200 కెల్విన్, కలగాపులగంగా ఉంటే 4000 పెట్టి వదిలేస్తే అన్ని ఫొటోలూ ఒకే తప్పుతో ఉంటాయి, అన్నిటినీ ఒకేసారి దిద్దొచ్చు. మెనూలో నీడల్ని వెలిగించే యాక్టివ్ డీ-లైటింగ్ లాంటివి ఆపేయండి, కొన్ని కెమెరాల్లో అవి మీకు చెప్పకుండానే ఎక్స్‌పోజర్ తగ్గిస్తాయి.

ఇక కొనే విషయం. బాడీ మార్చి, ఇంకా పెద్ద సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమ్‌కి వెళ్తే, అదే ఎఫ్ నంబర్ దగ్గర మీకు దక్కేది ఒక స్టాప్‌కి కాస్త ఎక్కువ. కిట్ లెన్స్ తీసేసి 17-50 లాంటి, మొత్తం రేంజిలో ఎఫ్/2.8 ఉండే జూమ్ పెట్టుకుంటే పొడుగు చివర ఎఫ్/5.6 నుంచి ఎఫ్/2.8కి రెండు స్టాపులు, అంటే నాలుగు రెట్ల వెలుతురు. ఖర్చూ తక్కువే. నన్నడిగితే ముందు లెన్స్. అది కూడా ఇప్పుడే కాదు. ఐఎస్‌ఓ పరిమితి 6400కి పెంచి, షట్టర్ 1/200కి బిగించి, వచ్చే రెండు కార్యక్రమాలు ఉన్నవాటితోనే తీయండి. తర్వాత ఫైళ్లలో ఏ ఫోకల్ లెంగ్త్ ఎక్కువగా వాడారో చూసుకోండి. ఎక్కువ ఫొటోలు 30 నుంచి 40 మధ్య ఉంటే జూమ్ అక్కర్లేదు, ఒక 35 ఎంఎం ఎఫ్/1.8 సరిపోతుంది. ఎఫ్/2.8 జూమ్ కన్నా అది ఇంకో స్టాప్ పైచిలుకు ఎక్కువ వెలుగు ఇస్తుంది.